టర్బో వేసిన 1996 మియాటాకు ఎంత పెద్ద ఫ్యూయల్ పంపు కావాలి?

ఆస్టిన్_మియాటా
టెక్సాస్‌లో ఉంటాను. నాది 1996 మాజ్డా మియాటా, 1.8 లీటర్ ఇంజిను, కంపెనీ లెక్కలో 133 హార్స్‌పవర్. టర్బో, పెద్ద ఇంజెక్టర్లు, కొత్త ఈసీయూ (ఇంజినును నడిపే కంప్యూటరు) వేయించాను. బూస్టు (టర్బో ఎక్కించే అదనపు గాలి ఒత్తిడి) 10 పీఎస్‌ఐ, 220 హార్స్‌పవర్ వస్తే చాలు. 4,000 ఆర్‌పీఎం దాకా గాలి-పెట్రోలు నిష్పత్తి 11.5 దగ్గర నిలకడగా ఉంటోంది. 5,500 దాటితే 12.5, ఆపైన 13 వైపు పోతోంది, అంటే పెట్రోలు చాలడం లేదు. పంపు మాత్రం కారుతో వచ్చినదే. స్నేహితులు గంటకు 450 లీటర్ల పంపు వేసేయమంటున్నారు. ముందుముందు ఈ85 (ఎక్కువ పాళ్లు ఇథనాల్ ఉండే పెట్రోలు) కూడా వాడాలని ఉంది. ఏది వేయమంటారు?

పాత_గ్యారేజీ
ముందు ఒక మాట: కారణం తేలేదాకా పూర్తి బూస్టుతో తొక్కకండి. మిశ్రమం అంత పలచబడ్డాక నాకింగ్ (సిలిండరులో మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలైతే పిస్టన్ విరగడానికి ఎంతోసేపు పట్టదు.

ఇక లెక్క. టర్బో ఇంజిను ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.6 పౌండు పెట్రోలు తాగుతుంది. 220కి 132 పౌండ్లు, అంటే 60 కిలోలు. లీటరు ముప్పావు కిలో తూగుతుంది కాబట్టి 80 లీటర్లు. ఈ85 అయితే దాని మీద మూడో వంతు కలపండి, 110కి లోపే. 450తో మీకేం పని? అంత పంపు పోసేదంతా, మిగిలినదాన్ని ట్యాంకుకు చేర్చే తిరుగు గొట్టంలో పట్టదు, ఐడిల్‌లో ప్రెషరు పైకి లేస్తుంది, ట్యాంకులో పెట్రోలు వేడెక్కుతుంది. పాత సన్నని వైరు ఆ కరెంటునూ మోయలేదు.

అయితే డబ్బా మీది అంకెను అలాగే నమ్మకండి. మామూలుగా మీ రైలులో, అంటే ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టంలో, ప్రెషరు 3 బార్లు ఉంటుంది. బూస్టులో ఇంజెక్టరు కొన దగ్గర గాలి ఎదురు నెడుతుంది కనుక రెగ్యులేటర్ మరో 0.7 కలిపి 3.7 చేస్తుంది. ప్రెషరు పెరిగేకొద్దీ ఏ పంపైనా తక్కువే పోస్తుంది. అది కూడా చూసుకున్నా వాల్‌బ్రో కంపెనీ 190 (గంటకు 190 లీటర్ల పంపు) మీకు సరిపోతుంది.

కొనే ముందు రెండు కొలతలు తీయండి. బూస్టులో రైలు ప్రెషరు ఎంత? ఇంజిను నడుస్తుండగా పంపు కనెక్టరు దగ్గర వోల్టేజి ఎంత?

ట్యాంకులో_చేయి
సీట్ల వెనుక తివాచీ ఎత్తితే పంపు మూత కనిపిస్తుంది. ముందుగా ఇంజిను నడుస్తుండగా పంపు రిలే లాగి, గొట్టాల్లో ప్రెషరు దిగేలా ఇంజినును దానంతటదే ఆగిపోనివ్వండి, తరువాత బ్యాటరీ తీయండి. ట్యాంకు లోపల వేసే గొట్టం ఎస్‌ఏఈ 30ఆర్10 రకమే కావాలి. బయట వాడే 30ఆర్9 పెట్రోలులో మునిగి ఉంటే మెత్తబడి చీలిపోతుంది.

హైదరాబాద్_పోలో
మా పోలో జీటీ టీఎస్‌ఐకి కూడా ఇదే లెక్కేనా అండీ?

పాత_గ్యారేజీ
తాగే లెక్క అదే, అమరిక వేరు. మీది డైరెక్ట్ ఇంజెక్షన్, పెట్రోలు నేరుగా సిలిండరులోకే చిమ్ముతుంది. ట్యాంకులోని పంపు అందించిన పెట్రోలును క్యామ్‌షాఫ్ట్ తిప్పే మరో పంపు అధిక ప్రెషరుకు తీసుకెళుతుంది. రెండింట్లో ఏది వెనకబడిందో ఈసీయూ నమోదు చేసిన లాగ్ చూడకుండా చెప్పలేం. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా చదవండి. ఆర్‌సీలోని వివరాలకు, కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర ఆ ప్రశ్నే ముందు వస్తుంది.

ఆస్టిన్_మియాటా
కొలిచాను. బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, పంపు దగ్గర 11.3! బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, ఫ్యూజు, కొత్త రిలే వేసి ఎర్తు కూడా మార్చాను. ఇప్పుడు 13.5 వస్తోంది. 6,000 ఆర్‌పీఎం దాకా నిష్పత్తి 11.6 నుంచి కదలడం లేదు. ఆపైన 12.2, ప్రెషరు 3.7 నుంచి 3.4కి దిగుతోంది.

పాత_గ్యారేజీ
వైరు తన వంతు పని చేసింది, మిగిలిన లోటు పంపుదే. 190 వేయండి, దాంతోపాటే ఫిల్టరు కూడా మార్చండి. వేశాక ఐడిల్ ప్రెషరు చూడకుండా ట్యూనింగ్ ముట్టుకోవద్దు.