జుట్టు పీక్కునే జబ్బుకు రెండు కాగితాల్లో రెండు కోడ్‌లు: ఎలా సరిచేయించాలి?

మాది గుంటూరు. 14 ఏళ్ల మా అమ్మాయి ఆరు నెలలుగా రాత్రి చదువుకుంటూ నడినెత్తిన కుడివైపు వెంట్రుకలు పీక్కుంటోంది. పుస్తకం మడతల్లో కుదుళ్లతో సహా దొరుకుతున్నాయి.

చర్మవైద్యులు పేనుకొరుకుడు అనుకుని ఆ జబ్బు కోడ్ ఎల్63.9 రాశారు. మూడు నెలలు స్టెరాయిడ్ లోషన్ వాడినా గుణం లేదు. పేనుకొరుకుడు మచ్చ నున్నగా ఉంటుంది కదా, మా పిల్ల తలపై పొట్టివీ పొడుగువీ తెగిన వెంట్రుకలు వేలికి గరుకుగా తగులుతున్నాయి. తరువాత మానసిక వైద్యురాలు ట్రైకోటిల్లోమేనియా (జుట్టు పీక్కునే జబ్బు) అని నిర్ధారించి, ఐసీడీ-10 (జబ్బులకు కోడ్‌లిచ్చే అంతర్జాతీయ పట్టిక) ప్రకారం ఎఫ్63.3 వేశారు. అలవాటు మార్చే చికిత్స మొదలైంది, అదే నాకు కొండంత ధైర్యం.

కోడ్‌లు కలవలేదని బీమా సంస్థ ఫైలు తిప్పి పంపింది. వైద్యురాలి లేఖ జతచేసినా అదే జవాబు. చర్మవైద్యులేమో పాత చీటీ మార్చలేమంటున్నారు.

తుది నిర్ధారణ ఎఫ్63.3 అని ఎవరి చేత, ఏ పత్రంలో రాయిస్తే మీ బీమావారు అంగీకరించారు?