కతోలికుడు ఫ్రీమేసన్ లాడ్జిలో చేరవచ్చా?

జోజి, ఫాతిమానగర్:
మా పెదనాన్నగారి అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. పైఅధికారి గోషామహల్ బారాదరిలో కలిసే ఫ్రీమేసన్ లాడ్జి సభ్యుడట (ఫ్రీమేసన్లంటే రహస్య ప్రమాణాలతో నడిచే సోదర సంఘం వాళ్లు, లాడ్జి అంటే వాళ్ల శాఖ), అన్నయ్యనూ చేరమంటున్నాడు. పెద్దమ్మకు ఒకటే బెంగ. అన్నయ్యేమో 1917 శ్రీసభ (కతోలిక చర్చి) చట్టంలో ఫ్రీమేసన్ల పేరు పెట్టి మరీ వెలి అన్నారు, 1983 చట్టంలో శ్రీసభ మీద కుట్ర చేసే సంఘాలన్నారే తప్ప ఆ పేరు లేదు, కాబట్టి ఇబ్బంది లేదంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఫిలోమినా, గుణదల:
పేరు తీశారు గానీ నిషేధం తియ్యలేదు జోజీ. కొత్త చట్టం 1983 నవంబరు 27న అమల్లోకి వచ్చింది. ఆ ముందురోజే కార్డినల్ రాట్జింగర్ (తర్వాత పోప్ 16వ బెనెడిక్ట్ అయినవారు) సంతకంతో రోము ప్రకటన ఇచ్చింది. చేరినవాళ్లు ఘోర పాపస్థితిలో ఉన్నట్టే, దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే కమ్యూనియన్) పుచ్చుకోకూడదు, స్థానిక మేత్రాణులకు (బిషప్పులకు) దీన్ని సడలించే అధికారం లేదు. 2023లో ఫిలిప్పీన్స్‌లోని దుమగెటె మేత్రాణులు తన మేత్రాసనంలో మేసన్లు పెరుగుతున్నారని రాస్తే, పోప్ ఫ్రాన్సిస్ ఆమోదంతో మళ్లీ అదే జవాబు వచ్చింది.

సత్యమూర్తి:
నేను హిందువుని, లాడ్జి సభ్యుణ్ని. మీ నియమాల్లో తలదూర్చను గానీ ఒక మాట. మా సభలో గీత, ఖురాను, బైబిలు పక్కపక్కనే ఉంటాయి. దేవుణ్ని నమ్మనివాణ్ని చేర్చుకోం. లోపల మతం, రాజకీయం ఎత్తనివ్వం. ఫ్రాన్సులో గ్రాండ్ ఓరియంట్ అనే మేసన్ల సంఘం వాళ్లు 1877లో దేవుడి మాటను నియమావళిలోంచి తీసేస్తే ఇంగ్లండు లాడ్జి తెగతెంపులు చేసుకుంది. ప్రమాణంలో, మాట తప్పితే గొంతు కోస్తారన్న పాత మాటలు కూడా ఇంగ్లండులో 1986లోనే తీసేశారు. ఫ్రాన్సు, ఇటలీ వాళ్ల మీది కోపం మా మీద చూపించడం న్యాయమా?

ఫిలోమినా, గుణదల:
సత్యమూర్తిగారూ, మిమ్మల్ని కుట్రదారులని నేననను. జర్మనీ మేత్రాణులు కూడా అనలేదు. 1974 నుంచి 1980 దాకా అక్కడి మేసన్లతో కూర్చుని మాట్లాడారు, మొదటి మూడు అంచెల క్రతువులను చదివి చూశారు. చివరికి రెండూ పొసగవనే తేల్చారు. పూర్తి సత్యం ఏ మతానికీ అందదన్న చూపు ఆ క్రతువుల్లోనే ఉందన్నది వాళ్ల అభ్యంతరం. యేసే మార్గమని ఆదివారం పూజలో ఒప్పుకునే మనిషి, మరో సాయంత్రం ఎవరికి తోచిన దేవుణ్ని వాళ్లు అనుకోగల విశ్వశిల్పి (మేసన్లు దేవుణ్ని పిలిచే పేరు) ఎదుట మోకరించాలి. ఇక ఆ ప్రమాణం. కళ్లకు గంతలు, చెయ్యి బైబిలు మీద. దాచాల్సింది ఏమిటో ఇంకా తెలియదు, దాస్తానని మాత్రం దేవుడి పేర మాటివ్వాలి. మన జ్ఞానస్నాన ప్రమాణాలు గుడి తలుపులు బార్లా తీసి, ఊరంతా వింటుండగా చేస్తాం. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

చిన్నప్ప, దుబాయ్:
అక్కా, చట్టం వరకు మీరన్నది సరే. మా కంపెనీలో ఫిలిప్పీన్స్ వాళ్లున్నారు. వాళ్ల జాతీయ వీరుడు హోసే రిసాల్ మేసనే. స్పెయిన్ పాలనలో మఠాల గురువుల పెత్తనాన్ని ఎదిరించినవాళ్లకు లాడ్జీలే ఆసరా. అలాంటివాళ్ల ముందు పాపం అన్న ఒక్క ముక్క పడేస్తే వింటారా? విచారణలన్నిటిలో (పారిష్‌లలో) బోధ జరగాలని రోము ఆ 2023 జవాబులోనే రాసింది. 1882లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో ఫాదర్ మెక్‌గివ్నీ నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కతోలిక మగవాళ్ల సంఘం పెట్టారు. ఇంటి పెద్ద పోతే భార్యాపిల్లలకు డబ్బు అందాలి, మగవాళ్లు రహస్య సంఘాల వైపు పోకూడదు అని. వద్దన్నారు, బదులుగా ఒకటి చేతిలో పెట్టారు. హైదరాబాదులో ఒంటరిగా ఉన్న కుర్రాడికి మన విచారణలో పూజ అయ్యాక పలకరించే దిక్కుందా?

జోజి, ఫాతిమానగర్:
ఇవన్నీ అన్నయ్యకు పంపాను. సత్యమూర్తిగారూ, చేరకముందే ప్రమాణం మొత్తం చదువుకోనిస్తారా?

సత్యమూర్తి:
మా లాడ్జిలో ఇవ్వరు బాబూ. సారాంశం చెబుతారు, అంతే. మీ అన్నయ్య ఇంకా అడగాలనుకుంటే నాతో మాట్లాడమను, చేరమని మాత్రం ఒత్తిడి పెట్టను.