పూత తెప్పించేది పగటి నిడివా, హార్మోనా?

పెరటిపిచ్చి:
మొక్క ఎప్పుడు పూయాలో పగటి నిడివే తేలుస్తుందని కాలేజీలో చదివాం. 1920లో గార్నర్, అలార్డ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు పొగాకు, సోయా మీద చూపించింది అదే. మరి పళ్లతోటల్లో హార్మోన్ మందులెందుకు? లైట్లు పెడితే చాలదా?

మామిడికొమ్మ:
చాలదు. మామిడికి పగటి నిడివితో పనే లేదు. రెమ్మ ముదరాలి, చలి తగలాలి. లేత చిగురులో జిబ్బరెల్లిన్ అనే ఎదుగుదల హార్మోన్ ఎక్కువ, అది తగ్గేదాకా చెట్టు ఆకులే వేస్తుంది. పాక్లోబ్యూట్రజాల్ అనే మందు పోసేది ఆ జిబ్బరెల్లిన్ తయారీని అడ్డుకోవడానికే. లైట్ల గొడవ పొగాకు వాళ్లకు వదిలేయండి.

వెలుతురుపార్టీ:
లోకంలో మామిడి ఒక్కటే పండా? డ్రాగన్ ఫ్రూట్ పగలు పొడుగైతేనే పూస్తుంది. వియత్నాంలో పొద్దు తక్కువుండే నెలల్లో రాత్రిళ్లు తోటంతా బల్బులు వేసి పూత తెప్పిస్తారు. స్ట్రాబెర్రీలో చాలా పాత రకాలు తలకిందులు, పగలు కురచైతేనే మొగ్గ కడతాయి. అసలు మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, చీకటిని. పొడవాటి రాత్రి మధ్యలో కాసేపు లైటు వేస్తే చాలు, రాత్రి చిన్నదైందనుకుంటుంది.

సందేహజీవి:
ఇద్దరూ ఒకే తాడుకు రెండు కొసలు పట్టుకుని లాగుతున్నారు. వెలుతురును పసిగట్టేది ఆకు, మొగ్గ వచ్చేది కొమ్మ చివర. మధ్యలో కబురు మోసేదెవరు? 1930ల్లో సోవియట్ శాస్త్రవేత్త చైలఖ్యాన్ దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. పేరైతే ఉంది గానీ మనిషి దొరకనట్టు 70 ఏళ్లు గడిచాయి. 2007లో తేలింది, అది ఎఫ్‌టీ అనే ప్రొటీన్. పాత హార్మోన్లలా చిన్న అణువు కాకపోయినా చేసేది హార్మోన్ పనే. అంటే వెలుతురుపార్టీ గారి బల్బు కూడా చివరికి లోపలి కబురు ద్వారానే పని చేస్తోంది.

ఇక జిబ్బరెల్లిన్ అంటే నాకు పాత సిగ్గు. క్యాబేజీలో అది పూకాడ లేపుతుందని చదివి, నిమ్మచెట్టుకు కొట్టాను. చిగుళ్లు ఎగబడ్డాయి, పూత సున్నా. నిమ్మజాతిలో అది పూతను ఆపుతుందని తర్వాత తెలిసింది. యాపిల్‌లోనూ అంతే, కాయల్లోని గింజలు వదిలే జిబ్బరెల్లిన్ వచ్చే ఏటి పూమొగ్గను అణిచేస్తుంది. ఒక ఏడు విరగకాసిన చెట్టు మరో ఏడు మొండికేయడానికి అదో పెద్ద కారణం.

పెరటిపిచ్చి:
మరి అనాసకు పొగ పెడితే పూస్తుందంటారే?

మామిడికొమ్మ:
పొగలో ఇథిలీన్ ఉంటుంది, అదీ మొక్కల హార్మోనే, వాయువు రూపంలో. ఎథిఫాన్ అనే మందు కొడితే మొక్కలో విడుదలయ్యేదీ అదే. ఎదిగిన మొక్కలైతే పొద్దుతో నిమిత్తం లేకుండా తోటంతా ఒకేసారి పూస్తుంది. ఇంతకన్నా రుజువేం కావాలి?

వెలుతురుపార్టీ:
మందు కొట్టకపోతే అనాస ఎక్కువగా ఎప్పుడు పూస్తుందో కూడా చెప్పండి. పగళ్లు కురచై, చల్లబడ్డాకే కదా! పైగా పాక్లోబ్యూట్రజాల్ మట్టిలో చాలాకాలం తిష్ఠ వేస్తుంది. లైటంటారా, స్విచ్ ఆపితే పోతుంది.

మామిడికొమ్మ:
మట్టి సంగతి ఒప్పుకుంటాను. ఏటా అదే మోతాదు పోసిన చెట్ల రెమ్మలు కురచబారి ముద్దకట్టడం నేనూ చూశాను. అయినా మామిడికి వెయ్యి బల్బులు కట్టండి, ఒక్క పూగుత్తి చూపించండి.

పెరటిపిచ్చి:
మా డ్రాగన్ పాదు వీధిలైటు కిందే ఉంది. పగళ్లు తగ్గాక కూడా మొగ్గలేస్తుంటే ఇన్నాళ్లూ నా ఎరువు మహిమ అనుకున్నాను.

సందేహజీవి:
ఈసారి ఎరువు మానకుండా, లైటు వైపు గోనెపట్టా కట్టి చూడండి.