అమ్మానాన్నలతో క్రూయిజ్: మరీ పెద్ద ఓడా, దగ్గరి రేవు నుంచి వెళ్లే ఓడా?

ప్రశ్న (శ్రీకాకుళం నుంచి)

అందరికీ నమస్కారం. మా అన్నయ్య, వదిన, ఇద్దరు పిల్లలు డల్లాస్‌లో ఉంటారు. అమ్మానాన్నలు వచ్చే ఏడాది వాళ్ల దగ్గరికి వెళ్తున్నారు. అప్పుడు ఆరుగురూ కలిసి వారం రోజులు క్రూయిజ్‌కి వెళ్దామని అన్నయ్య ఆలోచన. పిల్లలు రాయల్ కరీబియన్ కంపెనీ వాళ్ల ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ ఎక్కాల్సిందేనని పట్టుబట్టారు, ప్రపంచంలోకెల్లా పెద్ద క్రూయిజ్ ఓడల్లో అదొకటట. దానికి మయామీ దాకా విమానంలో వెళ్లాలి. టెక్సస్‌లోనే ఉన్న గాల్వెస్టన్ రేవు నుంచి వెళ్తే చాలని వదిన అంటోంది. అక్కడ రాయల్ కరీబియన్, కార్నివాల్, ఎంఎస్‌సీ మూడు కంపెనీల ఓడలూ ఉన్నాయట.

నాన్న రిటైర్డ్ సోషల్ టీచర్. కొత్త ఊళ్లు, పాత కట్టడాలు చూడాలని ఆశ. షుగర్ ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైగా శాకాహారి. కళింగపట్నం బీచ్‌కి తీసుకెళ్తే ఇసుకలోనే కూర్చుంటుంది, నీళ్ల దగ్గరికి రాదు. ఇక ఓడంటే ఒకటే టెన్షన్. ఏ కంపెనీ నయం? పెద్ద ఓడ మంచిదా, కాస్త చిన్నదా?

జవాబు (విజయనగరం నుంచి)

అమ్మా, రికార్డుల మాట పక్కన పెట్టి ముందు ఒక లెక్క చూడండి. ప్రతి ఓడకీ గ్రాస్ టన్నేజ్ అని ఒక అంకె చెబుతారు. అది బరువు కాదు, ఓడ లోపలున్న మొత్తం చోటును బట్టి కట్టేది. గదికి ఇద్దరు చొప్పున ఎంతమంది ఎక్కుతారో ఆ సంఖ్యతో దాన్ని భాగిస్తే ఒక్కొక్కరికి ఏపాటి చోటు దక్కుతుందో తెలుస్తుంది.

ఐకాన్ టన్నేజ్ 2,48,663. గదికి ఇద్దరైతే 5,610 మంది. మనిషికి 44 వస్తుంది. అదే కంపెనీకి చెందిన ‘హార్మనీ ఆఫ్ ద సీస్’ 2,26,963, మంది 5,479, అంటే 41. ‘ఎంఎస్‌సీ సీస్కేప్’ 1,70,412, మంది 4,540, అంటే 37 చిల్లర. ‘కార్నివాల్ జూబిలీ’కి 34 దాకా వస్తుంది. అన్నిటికన్నా పెద్ద ఓడే అన్నిటికన్నా ఇరుకుగా ఉంటుందనుకోవడం సరికాదని దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే ఐకాన్‌లో మంచాలన్నీ నిండితే 7,600 మంది ప్రయాణికులు, వాళ్లకు తోడు 2,350 మంది సిబ్బంది ఉంటారు. ఒక మండల కేంద్రమంత జనం ఒకే కప్పు కింద ఉన్నట్టు. లిఫ్టు దగ్గర, టిఫిన్ల వేళ ఆ సంగతి తెలుస్తుంది.

పెద్ద ఓడలు కట్టే పోటీ ఈనాటిది కాదు. 1988లో రాయల్ కరీబియన్ వాళ్ల ‘సావరిన్ ఆఫ్ ద సీస్’ 73 వేల టన్నేజ్‌తో వస్తే అబ్బో అన్నారు. 1996లో ‘కార్నివాల్ డెస్టినీ’ మొదటిసారి లక్ష దాటింది. 1999లో ‘వాయేజర్’తో రాయల్ కరీబియన్ 1,37,000కు వెళ్లింది, 2009లో ‘ఒయాసిస్’తో ఏకంగా 2,25,000కు. ఐకాన్ 2024 జనవరిలో వచ్చింది. టైటానిక్ 46,328 మాత్రమే.

ఎందుకింత పెద్దవి కడుతున్నారంటే, ఓడ పెరిగినకొద్దీ ఇంధనం, సిబ్బంది ఖర్చు తలకు తగ్గుతుంది. లోపల హోటళ్లు, ఆటలు, షాపులు ఎన్ని ఉంటే ప్రయాణికుడు అక్కడే అంత ఖర్చు పెడతాడు. పిల్లలకు ఇది పండగే. మీ నాన్నగారి లాంటివారికి మాత్రం ఇందులో నష్టం ఉంది. ఇంత పెద్ద ఓడలు అన్ని రేవుల్లోకీ పోలేవు, కొన్ని ఊళ్లు రానివ్వవు కూడా. వెనిస్ 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడలను ఊరి మధ్య కాలువలోకి రానివ్వడం లేదు. పైగా ఇప్పుడు కంపెనీలన్నీ బహామాస్‌లో సొంత బీచ్‌లు కట్టుకుని ఓడను అక్కడే ఆపుతున్నాయి. రాయల్ కరీబియన్‌కు కోకోకే, ఎంఎస్‌సీకి ఓషన్ కే, కార్నివాల్‌కు 2025లో తెరిచిన సెలబ్రేషన్ కీ. ఈత కొట్టేవాళ్లకు బాగుంటాయి. అక్కడ చూడడానికి పాత కట్టడాలుండవు, జరిగిన చరిత్ర ఉండదు. మీ నాన్నగారిని అంత దూరం తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టడం నాకు మనసొప్పదు.

గాల్వెస్టన్ నుంచి వెళ్లేవి ఎక్కువగా మెక్సికోలోని కోజుమెల్, కోస్టా మాయా, హోండురాస్‌లోని రోటాన్ వైపు పోతాయి. కోస్టా మాయా దగ్గర చక్చోబెన్ అని మాయా నాగరికత నాటి గుడులున్నాయి. సోషల్ మాస్టారికి అంతకంటే ఏం కావాలి? ఈ మూడు చోట్లా ఓడ గట్టుకే ఆనుతుంది, అమ్మగారు నేరుగా దిగొచ్చు. బెలీజ్‌లో అయితే సముద్రం మధ్యలో ఆపి చిన్న పడవల్లోకి దించుతారు. మోకాళ్ల నొప్పులున్నవారికి అది కష్టం.

కంపెనీల తీరు చెప్పాలంటే, కార్నివాల్ చవక, సందడి ఎక్కువ, అర్ధరాత్రి దాకా పాటలు. జూబిలీ మీద రోలర్ కోస్టర్ కూడా ఉంది. ఎంఎస్‌సీ ఇటాలియన్ కుటుంబానిది, జెనీవా నుంచి నడుస్తుంది. టికెట్ ధర తరచుగా ఆకర్షణీయంగా ఉంటుంది, తిండిలో, పద్ధతుల్లో యూరప్ తీరు కనిపిస్తుంది. రాయల్ కరీబియన్ ఖరీదెక్కువ, కానీ మంచు మీద స్కేటింగ్ షోలు, పిల్లల ఆటలు, పెద్దలు ప్రశాంతంగా కూర్చునే చోట్లు మూడూ ఒకే ఓడలో దొరుకుతాయి. హార్మనీ లాంటి ఒయాసిస్ తరగతి ఓడల నడిమధ్యన నిజం మొక్కలతో ఒక తోటే ఉంటుంది. మూడు తరాలు కలిసి వెళ్తున్నారు గనుక నా ఓటు గాల్వెస్టన్ నుంచి వెళ్లే రాయల్ కరీబియన్‌కే. మయామీ వద్దు.

మరో జవాబు (ఉద్దానం నుంచి, క్రూయిజ్ ఓడలో పనిచేసిన అనుభవంతో)

విజయనగరం మాస్టారు చెప్పింది నిజం అక్కా. గది గురించి నేను చెప్తాను. ఓడ పొడవులో మధ్యన, కింది అంతస్తుల్లో, లిఫ్టుకు దగ్గరగా తీసుకోండి. ఊపు అక్కడే తక్కువ తెలుస్తుంది. ఒయాసిస్ తరగతి ఓడ పొడవు 360 మీటర్లు. ముందు చివర గది తీసుకుని వెనక చివర భోజనానికి వెళ్లాలంటే అమ్మగారు రోజూ ఇబ్బంది పడతారు. ‘గ్యారంటీ’ పేరుతో అమ్మే చవక గదుల్లో నంబరు కంపెనీయే ఇస్తుంది, అవి వద్దు.

భయం గురించి: ఓడ కదలకముందే అందరూ భద్రతా డ్రిల్ చెయ్యాలి, తప్పించుకోవడం కుదరదు. 2012లో కోస్టా కాంకార్డియా మునిగి 32 మంది చనిపోయాక ఈ నియమం గట్టిపడింది. అమ్మగారిని ఆ డ్రిల్‌కి తొందర లేకుండా తీసుకెళ్లి, తను ఎక్కాల్సిన లైఫ్‌బోటు చోటు కళ్లతో చూపించండి. సగం భయం అక్కడే పోతుంది.

నాన్నగారి మందులు చేతిసంచిలోనే ఉంచండి. రేవులో ఇచ్చిన పెట్టెలు గదికి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. ఓడలో డాక్టరుంటారు గానీ ఫీజు బాగా ఎక్కువ. విదేశంలో, సముద్రం మీద కూడా వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

మనవాళ్లు పెట్టెలో పెట్టే రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె ఓడ ఎక్కేచోట తీసేసుకుంటారు. ఇంట్లో వండినవి కూడా ఒప్పుకోరు. సీలు తియ్యని ప్యాకెట్లకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. శాకాహారం సంగతి బుక్ చేసినప్పుడే రాయించండి. ఎక్కిన రోజే డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌తో మాట్లాడి, రేపటికి అన్నం, పప్పు కావాలంటే ముందురోజు రాత్రే చెప్పండి. ఈ ఓడల వంటశాలల్లో మన దేశం వాళ్లు చాలామందే ఉంటారు, బాగా చూసుకుంటారు.

ప్రశ్న (శ్రీకాకుళం నుంచి)

చాలా థాంక్స్ మాస్టారు, తమ్ముడూ. టికెట్ కాక ఇంకా ఏమేం కట్టాలి? ఏ నెలలు మంచివి? అమ్మానాన్నలకు పదేళ్ల విజిటర్ వీసా ఉంది. పిల్లలు అక్కడే పుట్టారు. అన్నయ్య, వదినల వీసా స్టాంపింగ్ మాత్రం తేదీ దాటిపోయింది, అక్కడ ఉండడానికి ఎక్స్‌టెన్షన్ కాగితాలున్నాయి. ఏమైనా ఇబ్బందా?

జవాబు (విజయనగరం నుంచి)

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన విషయం అమ్మా, మంచి పని చేశారు అడిగి. ఓడ మెక్సికోలో ఆగిందంటే అమెరికా దాటి వెళ్లి తిరిగి వచ్చినట్టే. హెచ్1బీ (ఉద్యోగ వీసా), హెచ్4 (వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) వాళ్లకు స్టాంపు తేదీ దాటినా, ఐ-94 (అక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం) చెల్లుబాటులో ఉంటే, మెక్సికో లేదా కెనడాకు మాత్రమే వెళ్లి 30 రోజుల్లోపు తిరిగి రావడానికి ఒక వెసులుబాటు ఉంది. హోండురాస్, బెలీజ్, బహామాస్‌లలో ఓడ ఆగితే అది వర్తించదు. అంటే రోటాన్ వెళ్లే వారం రోజుల ట్రిప్పూ, బహామాస్ వెళ్లే ఐకానూ మీ అన్నయ్యకు రెండూ కుదరవు. డబ్బు కట్టకముందే ఇమ్మిగ్రేషన్ లాయరుకు ఆ ట్రిప్పులో ఆగే రేవుల జాబితా చూపించమనండి.

దీనివల్ల నా సలహా మారుతోంది. మెక్సికో రేవులకే వెళ్లి వచ్చే నాలుగైదు రాత్రుల ట్రిప్పు చూడండి. రాయల్ కరీబియన్ వాళ్ల ‘మారినర్ ఆఫ్ ద సీస్’ లాంటి ఓడ వీటికి సరిపోతుంది. 2003లో కట్టినది, 1,39,863 టన్నేజ్, 3,344 మంది. భాగించి చూడండి, మనిషికి 42 దాకా వస్తుంది, హార్మనీ కంటే తక్కువేం కాదు. నడక తగ్గుతుంది, అమ్మగారికి నయం. పిల్లలకు ఐస్ రింక్ ఇందులోనూ ఉంది. కోస్టా మాయా కూడా ఉన్న తేదీ దొరికితే వదలొద్దు.

ఖర్చుల్లో అందరూ మరిచిపోయేది సిబ్బంది టిప్పు. రోజుకు మనిషికి 16 నుంచి 20 డాలర్ల మధ్య, పిల్లలకూ ఉంటుంది. ఆరుగురికి ఐదు రాత్రులంటే 480 నుంచి 600 డాలర్లు. వైఫై, కూల్‌డ్రింకులు, ఊళ్లు తిప్పే టూర్లు, రేవు దగ్గర కారు పార్కింగ్ విడిగా కట్టాలి.

నెలల సంగతి: అక్కడ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ల కాలం, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మరీ ఎక్కువ. తిత్లీని చూసినవాళ్లం మనకు వేరే చెప్పక్కర్లేదు. ఓడ తుపానులోకి పోదు, దారి మార్చుకుంటుంది, కానీ మీరు ఎంచుకున్న రేవు పోతుంది. జనవరి, ఫిబ్రవరిలో గాల్వెస్టన్ దగ్గర పొగమంచుతో ఆలస్యాలుంటాయి. ఏప్రిల్, మే మంచివి.

ప్రశ్న (పలాస నుంచి)

మధ్యలో అడుగుతున్నాను, మన విశాఖ నుంచి వెళ్లే కార్డేలియా ఎలా ఉంటుంది?

జవాబు (విజయనగరం నుంచి)

ఆ కార్డేలియా కంపెనీ నడిపే ‘ఎంప్రెస్’ ఓడ కూడా ఒకప్పటి రాయల్ కరీబియన్‌దే, 1990లో కట్టారు. 48,563 టన్నేజ్, సుమారు 1,600 మంది, అంటే మనిషికి 30. కాస్త ఇరుకే. కానీ పాస్‌పోర్టు గొడవ లేకుండా పుదుచ్చేరి, చెన్నై వైపు రెండు మూడు రాత్రులు వెళ్లి, సముద్రం మనకు పడుతుందో లేదో తెలుసుకోవడానికి బాగుంటుంది. విశాఖలో 2023 సెప్టెంబరులో కొత్త క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు. ఏడాది పొడుగునా ఉండదు, తేదీలు ప్రకటించినప్పుడు చూసుకోవాలి.

శ్రీకాకుళం అమ్మాయి గారూ, లాయరు సరే అన్నాక మీ అన్నయ్య ఎంచుకున్న తేదీ, గది నంబరు ఇక్కడ పెట్టండి. డెక్ ప్లాన్ చూసి లిఫ్టు ఎంత దూరమో, పైన డాన్స్ హాలు ఏమైనా ఉందో చెబుతాను.