అప్‌డేట్: ఆ సింగర్ కుట్టుమిషన్ కంపెనీ పోస్టర్ సంగతి తేలింది

పెద్ద ఎర్ర 'ఎస్' అక్షరం, అందులో కుట్టుమిషన్ ముందు కూర్చున్న అమ్మాయి ఉన్న సింగర్ పోస్టర్ పాతదా, రీప్రింటా అని అడిగాను కదా. రీప్రింటే.

భూతద్దం పెట్టి చూడమన్న సలహానే పనిచేసింది. పాత రంగుల లిథోగ్రాఫ్‌లో, అంటే రాతి మీద గీసి అచ్చేసిన బొమ్మలో, ఒక్కో రంగుకు ఒక్కో రాయి వాడేవారు. చుక్కలున్నా చేత్తో పెట్టినవి కాబట్టి అడ్డదిడ్డంగా ఉంటాయి. నా పోస్టర్‌లో అమ్మాయి చెంప మీద చుక్కలన్నీ వరసగా, చిన్న చిన్న పూలలా అల్లుకుని ఉన్నాయి. అంటే ఫొటో తీసి ఆఫ్‌సెట్‌లో (ఇప్పటి అచ్చు పద్ధతిలో) అచ్చేసింది. బ్లాక్‌లైట్ (అతినీలలోహిత దీపం) కింద కాగితం నీలంగా మెరిసింది కూడా. కాగితాన్ని అలా మెరిపించే రసాయనాల వాడకం 1950ల నుంచే పెరిగింది.

కింద 'సింగర్ మాన్యుఫ్యాక్చరింగ్ కంపెనీ' అని ఉంది, 1863 నాటి పేరు, కాబట్టి అసలుదే అన్నారొకరు. కానీ రీప్రింట్‌లో పేరు కూడా దిగిపోతుందిగా! పసుపు మరకల్నీ నేను నమ్మను, అవి టీ నీళ్లతోనూ వస్తాయి.

అమ్మినవాళ్లు డబ్బు తిరిగిస్తామన్నారు. ఇక పోస్టర్ల జోలికి ఇప్పుడే పోను. 1893 షికాగో ప్రదర్శనలో సింగర్ పంచిన, దేశదేశాల వేషధారణల బొమ్మలున్న చిన్న కార్డుల కోసం వెతుకుతున్నాను.