బంద్ రోజు షాపు అద్దాలు పగలగొడితే అది నిరసన అవుతుందా?

వరంగల్ వర్తకుడు: బంద్ పిలుపు రాగానే షట్టర్ దించని షాపుల మీద రాళ్లు పడుతున్నాయి. దొరికినవాళ్లేమో "ఇది రాజకీయ నిరసన, దొంగతనం కాదు కదా" అంటున్నారు. ఈ వాదన కోర్టులో నిలుస్తుందా? ఇన్సూరెన్స్ వస్తుందా?

క్రిమినల్ కేసుల లాయర్: నిలవదన్నా. రాజ్యాంగం 19(1)(బి) ఇచ్చిన హక్కు ఆయుధాలు లేకుండా, శాంతియుతంగా గుమిగూడడానికే. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 324 ప్రకారం నష్టం 20 వేల నుంచి లక్ష లోపు ఉంటే రెండేళ్ల దాకా, లక్ష, ఆపైన ఉంటే ఐదేళ్ల దాకా జైలు. గుంపులో ఐదుగురో అంతకన్నా ఎక్కువో ఉంటే 189 (చట్టవిరుద్ధంగా గుమిగూడడం), 191 (అల్లర్లు) కూడా పడతాయి. 190 వల్ల రాయి వేయకపోయినా అదే ఉద్దేశంతో గుంపులో ఉన్నవాడు తప్పించుకోలేడు. ఫిర్యాదులో "భారీ నష్టం" అని రాసి ఊరుకుంటారు, కేసు అక్కడే బలహీనపడుతుంది. అద్దం కొలత, మందం, కొత్తది వేయించడానికి కొటేషన్ జతచేయండి, ఏ శిక్ష వర్తిస్తుందో ఆ అంకెను బట్టే. 1984 నాటి ప్రజా ఆస్తుల చట్టం ఆర్టీసీ బస్సులాంటి వాటికే, ప్రైవేటు షాపుకు కాదు.

హైకోర్టులో రిట్ పిటిషన్లు వేసే లాయర్: పైదానికి ఒక మాట కలుపుతాను. బంద్ పేరుతో జనాన్ని బలవంతపెట్టడం రాజ్యాంగ విరుద్ధమని కేరళ హైకోర్టు 1997లో చెప్పింది, సుప్రీంకోర్టు ఆ ఏడాదే సమర్థించింది. 2009లో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లింది. ఆ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. నష్టాన్ని లెక్కగట్టడానికి క్లెయిమ్స్ కమిషనర్‌ను పెట్టవచ్చని, చేసినవాళ్లతో పాటు పిలుపిచ్చిన నిర్వాహకుల దగ్గరా వసూలు చేయవచ్చని, నష్టపరిహారానికి రెట్టింపు మించకుండా అదనపు సొమ్మూ వేయవచ్చని అంది. అయితే విధ్వంసానికీ ఆ కార్యక్రమానికీ సంబంధం రుజువు కావాలి. అందుకే సీసీటీవీ ఫుటేజీ చెరిగిపోకముందే కాపీ తీసిపెట్టాలి.

చరిత్ర పాఠకురాలు: రాజకీయమా, నేరమా అన్న రెండు ప్రశ్నల్ని ఒకటి చేస్తున్నారేమో చూడండి. 1912 మార్చిలో లండన్‌లో ఓటు హక్కు కోసం స్త్రీలు పెద్ద షాపుల అద్దాలు సుత్తులతో పగలగొట్టారు. అది రాజకీయం కాదని ఎవరంటారు? నేరం కూడా. వందమందికి పైగా అరెస్టయ్యారు. మన దగ్గర 1921లో విదేశీ వస్త్రాలను తగలబెట్టినవాళ్లు తమ ఒంటి మీదివి, ఇంట్లోవి ఇచ్చారు, షాపుల ముందు పికెటింగ్ చేశారు. నా లెక్కలో గీత అక్కడే ఉంది: నష్టం ఎవరి జేబులోంచి పోతోంది?

ఇన్సూరెన్స్ నష్టం అంచనా వేసే సర్వేయర్: ఇన్సూరెన్స్ గురించి. ఫైర్ పాలసీలో "అల్లర్లు, సమ్మె, దురుద్దేశపు నష్టం" ఉందో లేదో ముందు చూసుకోండి. షాపు ప్యాకేజీల్లో అద్దాలకు విడి సెక్షన్ ఉంటుంది, అది తీసుకోకపోతే తగాదా అవుతుంది. బంద్ వల్ల పోయిన బేరం ఇందులో రాదు. పాలసీ సాధారణంగా మినహాయించే ఉగ్రవాద చర్య నిర్వచనంలో "రాజకీయ ఉద్దేశం" అన్న మాట ఉంటుంది కాబట్టి ఫిర్యాదులో బిరుదులు తగిలించకండి, జరిగింది జరిగినట్టు రాయండి. ఫోటోలు తీశాకే గాజు పెంకులు ఊడవండి. ఊడ్చేసిన తర్వాత వచ్చిన సర్వేయర్‌కు అద్దం ఎంత మందమో చూపించడానికి ఏమీ మిగలదు.