1514 తర్వాత ఉదయగిరి కోట కాపలా ఖర్చు ఎవరు భరించారు?

ఏడాదికి పైగా సాగిన ముట్టడి తర్వాత 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరిని ఒడిశా గజపతుల నుంచి గెలిచారు. కోటలోని బాలకృష్ణ విగ్రహం హంపికి తరలిన సంగతి మా నెల్లూరు జిల్లాలో చాలామందికి తెలుసు. నాకు కావలసింది ఆ తర్వాతి కథ. కృష్ణా నదికి ఉత్తరాన గెలిచిన భూమిని రాయలు సంధిలో తిరిగి ఇచ్చేశారు, ఉదయగిరిని మాత్రం వదలలేదు. దశాబ్దాలు గజపతుల చేతిలో ఉన్న సీమను అదుపులో ఉంచడం గెలవడం కన్నా కష్టమని నా నమ్మకం. అందుకే ఈ తపన.

1905లో మూడు సంపుటాలుగా అచ్చయిన నెల్లూరు జిల్లా శాసనాల్లో ఉదయగిరి, కందుకూరు భాగాలు రెండుసార్లు చదివాను. నాకు ఎక్కువగా కనిపించినవి గుడులకు ఇచ్చిన దానాలే. పాలకుడిగా రాయసం కొండమరుసయ్య పేరు తెలుస్తుంది గాని, ఆయన కింద ఎంత బలగం ఉండేదో దొరకలేదు. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలోని రాజనీతి చూశాను. దుర్గాలను బ్రాహ్మణులకు అప్పగించమంటుంది, కాపలా భటుల జీతం సంగతి అందులో నాకు కనబడలేదు. మొన్న జనవరిలో కొండెక్కి, ప్రాకారం పక్కన ఒక రాతి మీద నీళ్లు చల్లి, టార్చిలైటు ఏటవాలుగా వేసి చూశాను. ‘శ్రీ’ తర్వాత మూడు అక్షరాలే తేలాయి, మిగతాదంతా పెచ్చులూడిపోయింది.

ఉదయగిరి కోట సైన్యం పోషణకు ఫలానా గ్రామాల ఆదాయం కేటాయించినట్లు చెప్పే 1514–1530 మధ్య శాసనం ఏదైనా మీరు చూశారా?